డాక్టరు చదువుతూ ఇలాంటి పనులా?

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే దిగులు. ఒకప్పుడు మెడిసిన్ సీటొస్తే పిల్లల్ని కాకినాడ రంగరాయకో, విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీకో పంపి, వాళ్ళు రాసే ఉత్తరాల కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడు అమలాపురంలోనే కిమ్స్ మెడికల్ కాలేజీ ఉంది, చుట్టుపక్కల నర్సింగ్, ఫార్మసీ కాలేజీలు ఉన్నాయి. పిల్లలు దగ్గరలో ఉన్నారు, వాళ్ళు చేసే పనులూ ఇంట్లోవాళ్ళ కంటపడుతున్నాయి. సిగరెట్టు, మందు, ప్రేమ, కాపీ, బెట్టింగు అని సంగతులు వేరైనా అడిగేది ఒక్కటే: జబ్బుల గురించి చదివే పిల్లలు జబ్బు తెచ్చుకునే పనులు ఎందుకు చేస్తారు? రేపు వీళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టవచ్చా? రాసినవారి పేర్లు వేయడం లేదు.

మా అబ్బాయి ఎం.బి.బి.ఎస్. రెండో సంవత్సరం. సెలవులకి వచ్చినప్పుడు బట్టలు ఉతకబోతే ప్యాంటు జేబులో సిగరెట్టు పెట్టె దొరికింది. ఊపిరితిత్తులు కోసి చూసిన పిల్లాడు, క్యాన్సరు ఎందుకొస్తుందో నాకు చెప్పే పిల్లాడు! రాత్రంతా నిద్ర లేదు. వాళ్ళ నాన్నకి ఇంకా చెప్పలేదు. వాడు చెడిపోయినట్టేనా?
— ఒక తల్లి, రాజోలు

లేదమ్మా, జేబులో పెట్టె దొరికినంత మాత్రాన మీ అబ్బాయి చెడిపోలేదు. హాని అని తెలియడం వేరు, చెయ్యి చాచే క్షణంలో తనను తాను ఆపుకోవడం వేరు. ఈత గురించి పుస్తకం చదివినంత మాత్రాన గోదావరి దాటలేం కదా. అలా ఆపుకోవడానికి పనికొచ్చే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదగడానికి సుమారు 25 ఏళ్ళు పడుతుంది. మీవాడికి ఇంకా 19, 20 ఉంటాయేమో. హాస్టల్లో స్నేహితులతో ఒకటీ అరా కాల్చి చూడటం ఈ వయసులో తరచు కనిపించేదే. మంచిదని చెప్పడం లేదు, మీ ఒక్క ఇంటికే వచ్చిన కష్టం కాదంటున్నాను. నిద్ర లేచిన అరగంటలోపే కాల్చాలనిపిస్తున్నా, స్నేహితులు లేకపోయినా ఒంటరిగా కాలుస్తున్నా, కాల్చకపోతే చిరాకుపడుతున్నా అలవాటు పట్టేసిందని అనుకోవాలి. "పెట్టె దొరికింది నాన్నా, భయమేసింది, ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగి, చెప్పేదంతా వినండి. క్యాన్సరు గురించి మాత్రం చెప్పకండి, ఆ పాఠం వాడికి మనకంటే బాగా వచ్చు. మానాలనుకుంటే 1800-11-2356కి ఫోన్ చేస్తే ఉచితంగా సలహా ఇస్తారు.

శనివారం రాత్రిళ్ళు మావాడూ స్నేహితులూ బళ్ళ మీద ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళి తాగి వస్తున్నారని తెలిసింది. ఒక్కడే ఉన్నప్పుడు బండి నలభై దాటనివ్వడు. నలుగురు కలిస్తే ఏమవుతుందో తెలియదు. నేను భయపడాల్సింది మందుకా, బండికా?
— ఒక తండ్రి, ముమ్మిడివరం

ముందు బండికి భయపడండి, మందు సంగతి తర్వాత చూడొచ్చు. ఒక్కడే ఉన్నప్పుడు నెమ్మదిగా నడుపుతాడని రాశారు చూడండి, అది నిజమే అయి ఉంటుంది. అమెరికాలో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ అనే పరిశోధకులు రకరకాల వయసులవాళ్ళ చేత కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించి, ఆ ఫలితాలను 2005లో ప్రచురించారు. పక్కన స్నేహితులుంటే 13 నుంచి 16 ఏళ్ళ పిల్లలు, 18 నుంచి 22 ఏళ్ళ కాలేజీ వాళ్ళు ఒంటరిగా ఆడినప్పటికంటే ఎక్కువ తెగించారు. 24 దాటినవాళ్ళలో అలాంటి తేడా రాలేదు. అంటే మీ అబ్బాయి బుద్ధి ఎక్కడికీ పోలేదు, వెనక సీట్లో స్నేహితుడు కూర్చున్నప్పుడు అది చెప్పే మాట వాడికి వినపడటం లేదు, అంతే.

ఇంట్లో ఒక ఒప్పందం చేసుకోండి. "తాగితే బండి ముట్టుకోకు. ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, నేనొచ్చి తీసుకెళ్తాను, ఆ రాత్రి ఒక్క మాట అడగను." అడగాల్సినవన్నీ మరునాడు అడగండి. రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాటి బండి నడిపితే నేరమని కూడా చెప్పండి. ముందు రోజు రాత్రి ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, పొద్దున కాస్త పుచ్చుకుంటే గాని చేతుల వణుకు తగ్గకపోవడం, శనివారం తాగుడు మిగతా వారాలకీ పాకడం కనిపిస్తే మానసిక వైద్యుణ్ణి కలవాలి. వైద్య విద్యార్థులు కూడా పొరబడే సంగతి ఒకటుంది. తాగి స్పృహ తప్పినవాణ్ణి "పడుకుంటే దిగుతుందిలే" అని గదిలో వదిలేయకూడదు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, పక్కనే ఉండాలి. లేపినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా 108కి ఫోన్ చేయాలి. ఈ ముక్క మీ అబ్బాయికే కాదు, వాడి స్నేహితులకూ చెప్పండి.

జి.ఎన్.ఎం. రెండో సంవత్సరం చదువుతున్నాను. నాలుగు రోజుల క్రితం ఇంజక్షన్ చేశాక సూదికి మూత పెడుతుంటే వేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. మూత పెట్టవద్దని సిస్టర్ గారు ముందే చెప్పారు. తిడతారని ఎవరికీ చెప్పలేదు. నాకు ఎయిడ్స్ వస్తుందా? నర్సు పనికి నేను పనికిరానా?
— ఒక విద్యార్థిని, కొత్తపేట

తల్లీ, మీ ఉత్తరం అందిన రోజే విడిగా జవాబు పంపాను. ఇక్కడ రాసేది మీలాగే దాచుకున్న మిగతా పిల్లల కోసం కూడా. ముందు స్థిమితపడండి. హెచ్.ఐ.వి. ఉన్న మనిషి రక్తం అంటిన సూది గుచ్చుకున్నా అది సోకే అవకాశం వెయ్యికి మూడు మాత్రమే, పైగా మీ రోగికి ఆ జబ్బు ఉందని కూడా మీకు తెలియదు. హెపటైటిస్ బి అంతకంటే సులభంగా అంటుకుంటుంది కాబట్టి, టీకా మూడు మోతాదులూ పూర్తి కాకపోతే ఇప్పుడైనా డాక్టరుకు చెప్పి మొదలుపెట్టించుకోండి. ఇప్పుడొకసారి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో రక్త పరీక్ష చేయించుకుంటే మనసు కుదుటపడుతుంది.

సూది గుచ్చుకున్న వెంటనే సబ్బు, నీళ్ళతో కడగాలి. వేలిని పిండకూడదు. వార్డు ఇన్‌చార్జికి చెప్పాలి. హెచ్.ఐ.వి. రాకుండా ఇచ్చే మందును రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఇక ప్రయోజనం ఉండదు. ఆ మందు 28 రోజులు వాడాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా ఇస్తారు. వాడిన సూదికి మూత పెట్టడం పొరపాటే, కాని అది చేతికి ఉన్న పాత అలవాటు వల్ల జరిగింది, శ్రద్ధపెడితే మార్చుకోవచ్చు. మిమ్మల్ని అపాయంలో పడేసింది సూది కంటే మౌనమే ఎక్కువ. ఆ మౌనానికి సగం కారణం తిట్లు. వార్డుల్లో పిల్లల మీద కేకలేసే పెద్దలెవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఆ 72 గంటల సంగతి గుర్తుపెట్టుకోండి.

ఎం.బి.బి.ఎస్. మూడో సంవత్సరం. పోయిన వారం మా వార్డులో ఒక పెద్దాయన చనిపోయారు. ఆయన కేస్ షీటు నేనే రాశాను. ఆయన భార్య ఏడుస్తుంటే నాకేమీ అనిపించలేదు. వెళ్ళి క్యాంటీన్లో టిఫిన్ చేశాను. రాత్రి అది గుర్తొచ్చి నా మీద నాకే భయమేసింది. మొదటి సంవత్సరం డిసెక్షన్ హాల్లో కళ్ళనీళ్ళు పెట్టుకున్న మనిషిని నేనేనా?
— ఒక విద్యార్థిని, అమలాపురం

మీరేనమ్మా. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, రాత్రి భయపడింది ఆమే. ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో మహమ్మద్రెజా హోజత్ బృందం విద్యార్థులను చదువు పొడవునా గమనించి 2009లో ఫలితాలు ప్రచురించింది. రోగి బాధను తనదిగా అర్థం చేసుకునే గుణం మొదటి రెండేళ్ళూ నిలకడగా ఉండి, మూడో ఏట తగ్గడం వాళ్ళకు కనిపించింది. వాళ్ళ చదువులో పుస్తకాలు వదిలి రోగుల మధ్యకు వెళ్ళే ఏడాది అదే. నిద్ర చాలదు, పరీక్షలు తరుముతుంటాయి, ఒక చావు చూశాక దాని గురించి కూర్చుని మాట్లాడేవాళ్ళు ఉండరు. మనసు కాసేపు మొద్దుబారి తనను తాను కాపాడుకుంటుంది.

మన దేశంలో కూడా 2019 నుంచి ఎట్‌కామ్ పేరుతో నడవడిక, నీతి, రోగితో మాటతీరు గురించి మెడికల్ కాలేజీల్లో పాఠాలు పెట్టారు. ఆ గంటల్లో ఇలాంటి చావుల గురించే మాట్లాడుకోవాలని నా కోరిక. మీ బ్యాచ్‌లో మీరే మొదలుపెట్టండి, "నాకేమీ అనిపించలేదు, మీకూ అంతేనా?" అని అడగండి. ఎంతమంది తలూపుతారో చూడండి. రోగులను మంచం నంబరుతో పిలవడం, వాళ్ళ బాధ మీద నవ్వుకోవడం మామూలైపోతే జాగ్రత్తపడాలి. ఇంట్లో అమ్మానాన్నల కష్టం కూడా తాకకపోయినా, వారాల తరబడి నిద్ర లేకపోయినా డాక్టరును కలవాలి.

మా చెల్లెలు ఫిజియోథెరపీ చదువుతోంది. పక్షవాతం వచ్చిన ముసలావిడను నడిపిస్తూ రీల్ తీసి పెట్టింది. బంధువులందరూ మెచ్చుకుంటున్నారు. నాకే ఏదో తప్పనిపిస్తోంది. నేను పాతకాలం మనిషినా?
— ఒక అన్నయ్య, రావులపాలెం

కాదు, మీకు అనిపించింది సరైనదే. చెల్లెలిలో చెడ్డతనం ఏమీ లేదు, నలుగురికీ చూపించుకోవాలనే సంతోషం తప్ప. కాని ఆ ముసలావిడ తడబడుతున్న అడుగుల్ని ఊరంతా చూడటానికి ఆవిడ ఒప్పుకుందా? "ఆవిడ చోట మన అమ్మమ్మ ఉంటే పెట్టేదానివా?" అని ఒక్కసారి అడిగి, ఈరోజే తీసేయమనండి. తీసేస్తే మరి దాని గురించి ఎత్తవద్దు. "దాన్లో తప్పేముంది, అందరూ పెడుతున్నారు" అని వాదిస్తే మాత్రం కాలేజీలో మేడమ్ గారి చేత చెప్పించండి.

నేను కువైట్‌లో ఇళ్ళల్లో పని చేసుకుంటూ అమ్మాయిని బి.ఎస్సీ. నర్సింగ్ చదివిస్తున్నాను. అమ్మాయి బ్యాగులో గర్భం రాకుండా వేసుకునే 72 గంటల మాత్ర కనిపించిందని మా చెల్లెలు పి.గన్నవరం నుంచి ఫోన్ చేసింది. ఇక్కడ ఏడవడానికి కూడా నాకు వేరే గది లేదు. వెంటనే వచ్చేయాలా? చదువు మాన్పించి పెళ్ళి చేసేయాలా?
— ఒక తల్లి, కువైట్

అమ్మా, ఇప్పుడే టికెట్టు కొనకండి. చదువు మాన్పించే ఆలోచన అసలే వద్దు. రేపు మీ అమ్మాయి తన కాళ్ళ మీద తాను నిలబడేది ఆ చదువుతోనే. ఆ మాత్ర ఎవరి కోసమో కూడా మనకింకా తెలియదు, నర్సింగ్ చదివే పిల్లల్ని స్నేహితురాళ్ళు ఇలాంటివి తెచ్చిపెట్టమనడం మామూలే. తన కోసమే అయినా, భయపడి ఒక జాగ్రత్త తీసుకుంది. ఏమీ పట్టనట్టు ఊరుకున్నదాని కంటే అది నయం.

ఆ మాత్ర గురించి కూడా భయం వద్దు. అది గర్భస్రావం చేసే మందు కాదు, అండం విడుదలను వెనక్కి జరుపుతుంది. నెలసరి కొన్ని రోజులు ముందూ వెనకా కావడం మామూలే. వారం దాటినా రాకపోతే పరీక్ష చేసుకోవాలి. నెలనెలా వాడుకునే మందు కాదు అది, సుఖవ్యాధుల నుంచి కాపాడదు కూడా, ఆ పని చేసేది కండోమే. ఒకవేళ గర్భం వస్తే మందుల షాపులో మాత్రలు కొని గదిలో దాక్కుని వేసుకోకూడదు. ప్రాణం మీదికి వచ్చేంత రక్తస్రావం అయ్యేది అలాంటప్పుడే. పెళ్ళికాని అమ్మాయిలకు కూడా 24 వారాల వరకు చట్టబద్ధంగా డాక్టరు చేత గర్భస్రావం చేయించుకునే హక్కుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరు 29న తీర్పు చెప్పింది. అమ్మాయి పేరు డాక్టరు బయటపెట్టకూడదు.

మీరు గట్టిగా పట్టించుకోవాల్సిన విషయం ఒకటుంది. ఇదంతా అమ్మాయి ఇష్టంతో జరుగుతోందా, బలవంతంగానా? ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, డబ్బు తరచు అడగడం, ఫొటోల మాటెత్తితే ఏడవడం కనిపిస్తే ఎవరో బెదిరిస్తున్నారేమోనని అనుమానించాలి. ఫొటోలతో బెదిరిస్తే 1930కి, వేరే వేధింపులైతే 181కి ఫోన్ చేయవచ్చు. ఈ రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి మాత్ర మాట ఎత్తకుండా, "నీకేదైనా అయితే ముందు నాకు చెప్పు, తిట్టను" అని ఒక్క మాట అనండి. అదే మాట మీ చెల్లెలి చేత కూడా చెప్పించండి, ఇప్పుడు అమ్మాయికి దగ్గరలో ఉన్నది ఆవిడే.

బి.ఫార్మసీ ఆఖరి సంవత్సరం. సాయంత్రాలు బాబాయి మందుల షాపులో కూర్చుంటాను. పరీక్షలప్పుడు స్నేహితులు అడిగితే నిద్రకి ఆల్ప్రాజోలం, "రిలాక్స్" కావడానికి ట్రమడాల్ చీటీ లేకుండా ఇచ్చాను. ఇప్పుడు ఒకడు రోజూ వస్తున్నాడు. ఇవ్వనంటే చేతులు వణుకుతున్నాయని బతిమాలుతున్నాడు. ఏం చెయ్యాలి?
— ఒక విద్యార్థి, మలికిపురం

బాబూ, అడగడానికి మీకు ధైర్యం వచ్చింది, అది మంచి సూచన. మీ స్నేహితుణ్ణి కాపాడవచ్చు. రోజూ ఆల్ప్రాజోలం వాడి ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ఆ వణుకు దానికి తొలి గుర్తు కావచ్చు. అందుకని వాణ్ణి ఇంటికి పంపేయకుండా ఈరోజే మానసిక వైద్యుడి దగ్గరకు మీరే తీసుకెళ్ళండి. ఆయన మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. సలహా కావాలంటే 14446కి ఫోన్ చేయవచ్చు. ఈ మాత్రల మీద మందు తాగితే ఊపిరి ఆగిపోవచ్చు, వాడికి తప్పకుండా చెప్పండి.

ఇంకో మాట కూడా చెప్పాలి, ఇది మెత్తగా చెప్పలేను. సిగరెట్టు కాల్చేవాడు తన ఒంటితో ఆడుకుంటాడు. చీటీ లేకుండా మాత్ర ఇచ్చినవాడు ఎదుటివాడి ఒంటితో ఆడినట్టే. ఈ రెంటికీ తేడా తెలియడమే మీ చదువులో అసలు పాఠం, సిలబస్‌లో దాని పేరు ఏదైనా. ట్రమడాల్ 2018 నుంచి మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చింది. ఈ రెండు మందులకూ డాక్టరు చీటీ ఉండాలి, కొన్నవాళ్ళ పేరు రిజిస్టర్లో రాయాలి. బాబాయికి ఈ రాత్రే చెప్పేయండి, కోప్పడినా సరే. ఆ లైసెన్సు ఆయనది.

కొబ్బరికాయల వ్యాపారం చేసుకునేవాణ్ణి. మావాడు యూనివర్సిటీ పరీక్షలో సెల్‌ఫోన్‌తో పట్టుబడ్డాడు. అంతకుముందు వాడి హాజరు స్నేహితుడు వేసేవాడని కూడా ఇప్పుడే తెలిసింది. తెలిసినవాళ్ళ చేత విజయవాడలో చెప్పిస్తే కేసు మాఫీ అవుతుందంటున్నారు. ఒక్క తప్పుకి డాక్టరు కాకుండా పోతాడా?
— ఒక తండ్రి, అంబాజీపేట

ఒక్క తప్పుతో డాక్టరు కాకుండా పోడు. పరీక్ష పోవచ్చు, ఆరు నెలలో ఏడాదో వెనకపడవచ్చు, అది భరించగల నష్టమే. కాని మాఫీ చేయించకండి. ఎందుకంటే, అమెరికాలో మాక్సిన్ పపడాకిస్ అనే వైద్యురాలి బృందం, వృత్తిలో తప్పులు చేసి లైసెన్సు బోర్డుల శిక్షకు గురైన 235 మంది డాక్టర్ల పాత కాలేజీ రికార్డులు తిరగేసి 2005లో ఫలితాలు ప్రచురించింది. చదువుకునే రోజుల్లో నడవడిక బాగాలేదని రికార్డులో ఉండటం, మిగతా డాక్టర్లతో పోలిస్తే, వీళ్ళలో చాలా ఎక్కువగా కనిపించింది. అన్నిటికంటే గట్టిగా ముడిపడినవి రెండు: బొత్తిగా బాధ్యత లేకపోవడం, తప్పు చూపిస్తే దిద్దుకోలేకపోవడం.

ఒకసారి భయంతో కాపీ కొట్టడం ఈ వయసులో జరిగేదే. హాజరు కూడా వేరేవాళ్ళ చేత వేయించుకున్నాడంటే అలవాటవుతోందేమో చూడాలి. వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం చేశాడో చెప్పనివ్వండి. "నేను చేశాను" అంటే సగం భయం తీరినట్టే. "అందరూ చేస్తారు, నా ఖర్మ కాలి దొరికాను" అంటే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు, కౌన్సెలింగ్ చేయించండి. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం వేసే శిక్ష వేయనివ్వండి. మీ డబ్బుతోనో మాటతోనో తప్పించుకున్న పిల్లాడు రేపు ఆపరేషన్లో జరిగిన పొరపాటు కూడా మాఫీ చేయించుకోవచ్చనుకుంటాడు. అప్పుడు ఎదురుగా ఉండేది పరీక్ష కాగితం కాదు.

మొదటి సంవత్సరంలో సీనియర్లు నన్ను బాగా ర్యాగింగ్ చేశారు. ఈ ఏడు జూనియర్లను నేనూ గదికి పిలిచి రాత్రంతా నిలబెట్టాను. ఒక కుర్రాడు ఏడ్చాడు. అప్పుడు నవ్వాం. ఇప్పుడు వాడి మొహమే కళ్ళ ముందు కనిపిస్తోంది.
— ఒక విద్యార్థి, అమలాపురం

ఆ మొహం కళ్ళ ముందు నుంచి పోకపోవడం మంచిదే బాబూ, అది జబ్బేమీ కాదు. మనిషి మంచి చెడ్డల ఆలోచన ఎలా ఎదుగుతుందో షికాగోలో లారెన్స్ కోల్‌బర్గ్ పరిశీలించి 1958లో రాసిన సిద్ధాంత వ్యాసంతో ఒక పెద్ద చర్చ మొదలైంది. ఆయన చెప్పిన ప్రకారం, మొదట దెబ్బలకు భయపడి తప్పు చేయం. తర్వాత మనవాళ్ళు ఏమంటారో చూసుకుని నడుస్తాం. కొందరు అది కూడా దాటి, మనవాళ్ళంతా సరేనన్నా "ఇది తప్పు" అనగలుగుతారు. "మమ్మల్నీ చేశారు, మేమూ చేస్తాం" అనేది మధ్యలో మాట. మీ ఉత్తరం దాన్ని దాటి వచ్చింది.

ఆ కుర్రాణ్ణి ఒంటరిగా కలిసి క్షమాపణ చెప్పండి, వాడు క్షమించకపోతే బతిమాలకండి. మీ గదిలో ఇక ఎవరినీ నిలబెట్టబోమని మీ స్నేహితులకు చెప్పండి, అదే ఎక్కువ కష్టం. ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచి ర్యాగింగ్ నిషేధ చట్టం ఉంది, జైలు శిక్ష కూడా పడవచ్చు. 2009లో హిమాచల్ ప్రదేశ్‌లో ఒక మెడికల్ విద్యార్థి సీనియర్ల దెబ్బలకు చనిపోయాక యు.జి.సి. కఠిన నిబంధనలు తెచ్చింది. ఆ కుర్రాడు క్లాసులకు రాకపోయినా, తిండి మానేసినా, ఊరికి వెళ్ళి తిరిగి రాకపోయినా క్షమాపణతో సరిపెట్టకుండా వెంటనే వార్డెన్‌కు చెప్పండి, మీ పేరు బయటికొచ్చినా సరే. జూనియర్లెవరైనా ఇది చదువుతుంటే ర్యాగింగ్ మీద ఫిర్యాదు చేసే నంబరు 1800-180-5522 రాసిపెట్టుకోండి.

మా మనవడు మెడిసిన్ మూడో ఏడు. ఫీజుకని తెచ్చిన డబ్బంతా ఫోన్లో క్రికెట్ పందేల్లో పోగొట్టాడు. మూడు రోజులుగా అన్నం తినడం లేదు. "నేను లేకపోతే మీకే నయం" అంటున్నాడు. కొడుకూ కోడలూ గల్ఫ్‌లో ఉన్నారు. నాకేమీ తోచడం లేదు.
— ఒక నాయనమ్మ, సఖినేటిపల్లి

అమ్మా, ఈ ఉత్తరానికి కూడా విడిగా వెంటనే జవాబు చెప్పాను. ఇక్కడ రాస్తున్నది ఇలాంటి మాట ఇంకే ఇంట్లోనైనా వినపడితే పనికొస్తుందని. డబ్బు పోవడం పెద్ద దెబ్బే, కాని అది మళ్ళీ వస్తుంది. "నేను లేకపోతే" అన్న మాటకు మాత్రం ఒక్క రోజు కూడా ఆగకూడదు. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని సూటిగా అడగవచ్చు. అలా అడిగితే లేని ఆలోచన పుట్టదు, గుండెలో ఉన్నది బయటికి వస్తుంది. పిల్లాణ్ణి ఒంటరిగా వదలకండి, ఇంట్లో పురుగుమందులు ఉంటే వేరే ఇంటికి పంపేయండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి. 14416కి ఎప్పుడు ఫోన్ చేసినా తెలుగులో మాట్లాడతారు.

ఆన్‌లైన్ పందేలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అయినా సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర పెద్దల చేతుల్లో నోట్లు చూస్తూ పెరిగిన పిల్లలకు పందెం అంటే సరదాగానే కనిపిస్తుంది, ఆ తప్పు వాళ్ళ ఒక్కరిదే కాదు. పండక్కి ఒకసారి వందో రెండొందలో పోగొట్టుకోవడం జబ్బు కాదు. పోయింది రాబట్టాలని మళ్ళీ ఆడటం, అప్పు యాప్‌లలో తీసుకోవడం, అబద్ధాలాడటం మొదలైతే అది వైద్యం కావాల్సిన జబ్బే. వైద్యం ఉంది, తగ్గుతుంది. అప్పులు ఎవరెవరికి ఎంతో కాగితం మీద రాయించి కొడుక్కి పంపండి, ఏదీ దాచవద్దు.

ఎం.బి.బి.ఎస్. ఫస్టియర్. తాగను, కాల్చను, రాత్రి బయటికి పోను. గదిలో అందరూ పప్పు అంటున్నారు. ఇవేవీ చేయాలనిపించకపోవడం లోపమా?
— ఒక విద్యార్థి, ఐ.పోలవరం

లోపం కాదు బాబూ, మీలాంటివాళ్ళు మీ బ్యాచ్‌లోనే చాలామంది ఉంటారు, వాళ్ళు గట్టిగా చెప్పుకోరు, అంతే. ఎవరైనా బలవంతపెడితే కారణాలు చెప్పకండి, కారణానికి జవాబు దొరుకుతుంది, "వద్దురా" అన్నదానికి దొరకదు. మీ ఫ్లోర్లో మీలాంటివాడు ఇంకొకడు ఉంటాడు, వాణ్ణి వెతికి పట్టుకోండి, ఇద్దరైతే పప్పు అన్న మాట దానంతట అదే తగ్గుతుంది. మెస్‌లో ఒక్కరే తినడం మొదలుపెడితే, ప్రతి శనివారం ఇంటికి పారిపోవాలనిపిస్తుంటే మాత్రం మీకు కేటాయించిన మెంటర్ మాస్టారిని కలవండి. ఆయన ఎవరో ఇంకా తెలియకపోతే సోమవారం వెళ్ళి ఆఫీసులో అడగండి.